‘నేను గేదెను’ అని రాస్తే గేదె మాట్లాడినట్లేనా?

ప్రశ్న: నేను ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ‘ఒక జంతువు తన కథ తానే చెబుతున్నట్లు రాయండి’ అని ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇచ్చాను. ముప్పై నాలుగు మంది రాశారు. ఇంచుమించు అందరూ ‘నేను కుక్కను. నాకు నాలుగు కాళ్లు, ఒక తోక ఉంటాయి. నేను విశ్వాసం గల జంతువును’ అని మొదలుపెట్టి, ‘కాబట్టి జంతువులను ప్రేమించాలి’ అని ముగించారు. ఒక్క అబ్బాయి మాత్రం తమ ఇంటి గేదెను సంతలో అమ్మేసిన రోజు గురించి, గేదె చెబుతున్నట్లుగా అరపేజీ రాశాడు. ‘పలుపు ఇంకొకాయన చేతిలో పెట్టారు. ఇంటికే పోతున్నామనుకున్నా’ అని అందులో ఒక చోట ఉంది. ఆ అరపేజీలో అక్షరదోషాలు లెక్కలేనన్ని ఉన్నాయి, కానీ చదువుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. మిగిలిన పిల్లలకు ఈ విధంగా రాయడం ఎలా నేర్పాలి? కథలో జంతువు ఎంతవరకు మనిషిలా ఆలోచించవచ్చు? ఆ అబ్బాయి కథను ఎలా దిద్దాలి?

సమాధానం: మేడమ్ గారికి నమస్కారం.

మీ తరగతిలో ఆ ముప్పై ముగ్గురు పిల్లలు తప్పుగా రాశారని నేను అనుకోవడం లేదు. ఇన్నేళ్లుగా మనం వారికి ఏది నేర్పామో దానినే వారు మీకు తిరిగి అప్పగించారు. పాఠం చివర ‘సృజనాత్మకంగా రాయండి’ అంటూ చెట్టు ఆత్మకథో నది ఆత్మకథో రాయమంటారు. గైడులో దానికొక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబులో చెట్టు తన వేళ్లు, బెరడు, ఆకుల ఉపయోగాలను వరుసగా అప్పజెప్పి, తనను నరకవద్దని వేడుకొని సెలవు తీసుకుంటుంది. అది వ్యాసమే తప్ప కథ కాదు. ప్రథమ పురుషలో ఉన్న వ్యాసాన్ని ఉత్తమ పురుషలోకి మారిస్తే సర్వనామం మారుతుంది, క్రియ చివర ప్రత్యయం మారుతుంది, చూసే కన్ను మాత్రం మారదు. ‘ఆవు పాలు ఇచ్చును’ అన్న వాక్యమే ‘నేను పాలు ఇస్తాను’ అయింది. నిజానికి ఏ ఆవూ తాను పాలు ఇస్తున్నానని అనుకోదు. దూడ మూతి తగలగానే పొదుగు చేపుతుంది; అంతలోనే దూడను లాగి గుంజకు కట్టేస్తారు; ఆ మూతి ఉన్న చోటికి మనిషి వేళ్లు వస్తాయి. ఈ మాత్రం రాయగలిగిన పిల్లవాడు ‘నేను ఆవును’ అని చెప్పవలసిన పనే ఉండదు.

జంతువు కంటితో రాయడమంటే ఆ జంతువుకు అప్పుడు ఏం కావాలో, దానికి ఏది తెలుస్తుందో, అన్నిటికంటే ముఖ్యంగా ఏది తెలియదో పట్టుకోవడమే. మీ తరగతి గదిలో ఈ ఒక్క మాట నిలబడితే మిగిలినవన్నీ దాని వెంటే వస్తాయి.

మన పిల్లలకు జంతువుల కథలు కొత్త కాదు కదా, మరి ఈ ఇబ్బంది ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. మనకు బాగా పరిచయమైన జంతువుల కథలు వేరొక పని కోసం పుట్టినవి. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని పావురం పేరు చిత్రగ్రీవుడు, ఎలుక పేరు హిరణ్యకుడు, కాకి పేరు లఘుపతనకుడు. ఆ పేర్ల చివర ఉన్న ‘డు’ను పిల్లలకు చూపించండి. ‘పావురం వచ్చింది’ అనే భాషలోనే ‘చిత్రగ్రీవుడు వచ్చాడు’ అని కూడా అంటున్నామంటే, పేరు పెట్టిన క్షణంలోనే ఆ పక్షిని అమహద్వాచకం నుంచి మహద్వాచకంలోకి, అంటే మనుషుల పంక్తిలోకి తెచ్చి కూర్చోబెట్టామన్నమాట. వారు రెక్కలు కట్టుకున్న మంత్రులు, మిత్రులు, రాజనీతిజ్ఞులు. ఆ కథల గొప్పతనం అక్కడే ఉంది, వాటిని తక్కువ చేయవలసిన అవసరం ఏమీ లేదు. మీరు ఇచ్చిన పని మాత్రం దానికి ఎదురు దిశలో నడిచేది. అక్కడ జంతువు మనిషి దగ్గరికి వస్తుంది, ఇక్కడ పిల్లవాడు జంతువు దగ్గరికి వెళ్లాలి. ఈ తేడాను వ్యాకరణం పీరియడులోనే చెప్పవచ్చు; వాచకాల పాఠం పిల్లలకు అంత దగ్గరగా మరెప్పుడూ రాదు.

ఇక నేర్పే పద్ధతి. మొదటి వారం కలం పట్టనివ్వకండి. తమ ఇంట్లోనో వీధిలోనో రోజూ కనబడే ఒక్క ప్రాణిని ఎంచుకొని, రోజుకు పది నిమిషాలు దూరం నుంచి చూసి, మరునాడు తరగతిలో ఒకే ఒక్క సంగతి నోటితో చెప్పమనండి. సింహం, ఏనుగు, కంగారూ ఈ వారం వద్దు, ఎందుకంటే చూడని జంతువు గురించి రాసేటప్పుడు పిల్లలు మళ్లీ గైడు దగ్గరికే పోతారు. మొదటి రెండు రోజులూ ‘కుక్క పడుకుంది’, ‘కోడి గింజలు తింది’ వంటి మాటలే వస్తాయి. ఓపిక పట్టండి. నేను పిల్లలతో ఈ పని చేసినప్పుడు, మూడో రోజో నాలుగో రోజో ఒక అమ్మాయి లేచి, ‘మనం చెప్పు సర్దుకోవడానికి వంగినా వీధికుక్క పారిపోతుంది’ అంది. ఎందుకని అడిగితే కాసేపు ఆలోచించి, ‘వంగితే రాయి తీస్తామనుకుంటుంది’ అంది. ఆ మాటతో తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది, ఎందుకంటే అక్కడున్న వారిలో చాలామంది ఏదో ఒక రోజు రాయి తీసినవారే. ఆ కుక్కకు రాయి అనే మాట తెలియదు, ఆ మనిషి పేరు తెలియదు, అతడు మంచివాడో కాదో తెలియదు. వంగిన నడుము తర్వాత నొప్పి వస్తుందని మాత్రం తెలుసు. ‘మనుషులు పొడుగ్గా ఉన్నంతసేపూ భయం లేదు. పొట్టిగా అయితే పరుగెత్తాలి’ అని ఆ అమ్మాయి తర్వాత రాసుకుంది. మీ పిల్లలు రాసిన ‘విశ్వాసం గల జంతువు’ను ఈ రెండు వాక్యాల పక్కన పెట్టి చూడండి.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. చూడడం దూరం నుంచే జరగాలి. పిల్లలను కన్న కుక్క దగ్గరికి, తింటున్న కుక్క దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. ఎవరినైనా కుక్క కరిచినా, గోరు గీరుకున్నా, ఆ చోటును పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు టీకా కోసం ఆసుపత్రికి తీసుకువెళ్లాలని పిల్లలకూ పెద్దలకూ తెలియజెప్పండి.

రెండో వారం ఇంద్రియాల మీద పెట్టండి. మనం కళ్లతో బతికే ప్రాణులం కాబట్టి మన పిల్లల కథలన్నీ కళ్లతోనే నడుస్తాయి. ‘ఎర్రచీర కట్టుకున్న అమ్మ నాకు అన్నం పెట్టింది’ అని కుక్క చేత అనిపిస్తారు. కుక్క కంటికి నీలం, పసుపు బాగానే తెలుస్తాయి కానీ ఎరుపు మనకు కనిపించినట్లు కనిపించదు, మసకబారిన గోధుమరంగులా ఉంటుంది. అయితే దాని ముక్కు సంగతి వేరు. వాసనను పట్టే కణాలు మనిషి ముక్కులో సుమారు అరవై లక్షలుంటే, కుక్క ముక్కులో జాతిని బట్టి పది కోట్లకు పైగా ఉంటాయి. కాబట్టి ఆ ఎర్రచీర స్థానంలో ఆమె చేతికి అంటిన ఇంగువ వాసన, తడి కొంగు వాసన, ఆమె వీధి మలుపు తిరగకముందే గాలిలో వచ్చి చేరే ఆమె చెమట వాసన రావాలి. చెవి కూడా అంతే: మనకు వినిపించే ధ్వనులు సెకనుకు ఇరవై వేల కంపనాల దగ్గర ఆగిపోతే, కుక్క నలభై వేలు దాటినవి కూడా వింటుంది. దీపావళి రాత్రిని వీధికుక్క నోట చెప్పించాలనుకునే పిల్లవాడికి ఈ ఒక్క వివరం చాలు.

ఈ వారంలో ఒక అభ్యాసం చేయించండి: వారి ఇంటి వంటగదిని రంగు మాట ఒక్కటీ లేకుండా, వస్తువు పేరు ఒక్కటీ లేకుండా, పిల్లి వైపు నుంచి అయిదు వాక్యాల్లో రాయమనండి. గ్యాస్ పొయ్యి అనకూడదు, ఫ్రిజ్ అనకూడదు. అప్పుడు ‘ఎప్పుడూ గుర్రుమంటూ ఉండే చల్లని గోడ’ వస్తుంది, ‘తలుపు తెరిస్తే పాలవాసన వచ్చే గోడ’ వస్తుంది. ధ్వన్యనుకరణ పదాల్లో తెలుగు చాలా సంపన్నమైన భాష. గరగర, బుసబుస, టపటప, చిటపట, సలసల వంటి మాటలను మనం పద్యపాఠంలో ఒక ప్రశ్నగా అడిగి వదిలేస్తాం. పేర్లు తెలియని ప్రాణికి లోకం ముందుగా చప్పుడుగానే తెలుస్తుంది కాబట్టి ఇవి ఇక్కడ అలంకారాలుగా కాక అవసరాలుగా వస్తాయి. అలాగే పిల్లలను నేలమీద కూర్చోబెట్టి, ఆ ఎత్తు నుంచి గదిలో ఏం కనిపిస్తుందో చెప్పించండి. గోడమీది గడియారం మాయమై, బల్ల అడుగున ఎవరో అంటించిన బబుల్‌గమ్ కనిపిస్తుంది. పశువుల కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుందని, సరిగ్గా వెనుక భాగం మాత్రం కనిపించదని, చడీచప్పుడు లేకుండా వెనుకనుంచి వస్తే అవి ఉలిక్కిపడి తన్నడానికి అది కూడా ఒక కారణమని చెబితే, పాక ఉన్న ఇళ్ల పిల్లలు తమకు తగిలిన దెబ్బలను కొత్తగా గుర్తు చేసుకుంటారు.

అన్నిటికంటే కష్టమైనది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది తెలియకపోవడాన్ని రాయడం. దీనికి నేను కాకిని ఎంచుకుంటాను. మన ఊళ్లలో పెద్దకర్మ రోజున చెరువుగట్టునో ఇంటి గోడమీదో పిండం పెట్టి, కాకి ఎప్పుడు వచ్చి ముట్టుకుంటుందా అని అందరూ ఎదురు చూస్తారు. రాకపోతే పోయినవారికి ఏదో తీరని కోరిక ఉందని, ఒకరి తర్వాత ఒకరు నమస్కరించి మాట ఇస్తారు. ఇంతవరకు ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఇప్పుడు కొమ్మమీద కూర్చున్న కాకి ఏం చూస్తోంది? రోజూ చేయి విసిరి తనను తోలే మనుషులు ఇవాళ అన్నం పెట్టి దూరంగా జరిగారు. ఎవరూ అరవడం లేదు. చేతులు విసరడం లేదు, ఒకదానికొకటి ఆనించి పెట్టుకున్నారు. అందరి కళ్లూ తనమీదే ఉన్నాయి. తనను ఎప్పుడూ చూడనివారు ఇంతసేపు చూస్తున్నారంటే అందులో ఏదో మోసం ఉంది. ఆకలి వేస్తోంది, అన్నం కనిపిస్తోంది, అయినా దిగడానికి ధైర్యం చాలడం లేదు. కింద ఒక ముసలావిడ ఏడుస్తోంది.

ఈ కథలో కాకికి చావు తెలియదు, పితృదేవతలు తెలియరు, తనకోసమే వారంతా ఎదురు చూస్తున్నారని తెలియదు. చదివేవారికి అన్నీ తెలుసు. కాకి భయానికీ ఆ ముసలావిడ దుఃఖానికీ మధ్య ఉన్న ఆ కొద్ది దూరంలోనే కథ ఉంది. కాకి నోట ‘నేను మీ తాతగారి ఆత్మను’ అనిపించిన మరుక్షణం అది చెదిరిపోతుంది. ఇది ఆచారాన్ని వెక్కిరించడం కాదని తరగతిలో స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే ఈమధ్యే ఇంట్లో కర్మ జరిగిన పిల్లలు అక్కడ ఉండవచ్చు. అలాంటి పిల్లలుంటే ఈ ఉదాహరణనే పక్కన పెట్టండి. కాకి మనుషుల ముఖాలను గుర్తు పెట్టుకుంటుందా అని ఎవరైనా అడిగితే, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2006లో ముసుగు తొడుక్కుని కాకులను పట్టుకుని వదిలేస్తే, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ముసుగు కనబడినప్పుడల్లా కాకులు కావుకావుమని మీదికి వచ్చాయని చెప్పవచ్చు. అది మన ఊరి కాకి కాదు, దాని దాయాది జాతి. అయినా కాకి దగ్గర జ్ఞాపకం ఉందని, ఆ జ్ఞాపకంతో ఒక కథ రాయవచ్చని పిల్లలకు తోస్తుంది.

‘కథలో జంతువు ఎంతవరకు మనిషిలా ఆలోచించవచ్చు?’ అని అడిగారు. ఆకలి, భయం, అలవాటు, బెంగ, ఆట, ఎదురుచూపు ఇవన్నీ ఉండవచ్చు. తప్పిపోయిన దూడ కోసం రాత్రంతా అరిచే ఆవును చూసినవారెవరూ దానికి బెంగ లేదని అనరు. ధర, తేదీ, కులం, ఊరి పేరు, ఆచారం, చట్టం మాత్రం ఉండకూడదు. ‘నన్ను నలభై వేలకు అమ్మారు’ అని గేదె అనకూడదు. ఈ గీత ఎక్కడ గీయాలో ప్రతిసారీ మీరే చెప్పకుండా, ఒక వాక్యం బల్లమీద రాసి ‘ఇది దానికి ఎలా తెలిసింది?’ అని అడగండి. పిల్లలు ఈ ప్రశ్నను వారం రోజుల్లో ఒకరినొకరు అడుక్కోవడం మొదలుపెడతారు.

భాష విషయంలో తెలుగు మనకొక అరుదైన సాధనం ఇచ్చింది, దానిని తప్పకుండా వాడుకోండి. ఎదుటివారిని కలుపుకొని చెబితే ‘మనం’, కలుపుకోకుండా చెబితే ‘మేము’. కుక్క తన కథ చెబుతూ ‘మేము వీధి చివర పడుకుంటాం’ అన్నప్పుడు ఆ మేములో వినేవారు లేరు; ‘మనం సాయంత్రం చేనుకు వెళ్తాం కదా’ అన్నప్పుడు ఆ ఇంటి రైతు దానిలో ఉన్నాడు. ఒకే కుక్క ఎవరితో ‘మనం’ అంటుంది, ఎవరి విషయంలో ‘మేము’ అంటుంది అనేది తేల్చుకుంటే పిల్లవాడికి సగం కథ తెలిసిపోయినట్లే. అలాగే ఆ జంతువు మనుషులను ఏమని పిలుస్తుంది? ‘వాడు’ అంటుందా, ‘ఆయన’ అంటుందా, మనం దానిని అన్నట్లే అది కూడా మనిషిని ‘అది’ అంటుందా? పాము కథలో మనిషిని ‘అది’ అని రాసిన పిల్లవాడిని దిద్దకండి. కావాలనే అలా రాశాడేమో కనుక్కోండి.

కథ నిడివి అరపేజీ మించవద్దు, ఒక్క సంఘటన మించవద్దు. పుట్టుకతో మొదలుపెడితే మళ్లీ ఆత్మకథ వ్యాసంలోకి జారిపోతారు. మొదటి వాక్యంలో ‘నేను ఫలానా జంతువును’ అని చెప్పకూడదని, విన్నవారే నాలుగో వాక్యానికల్లా పోల్చుకోవాలని షరతు పెట్టి, ఒకరు చదువుతుంటే మిగిలినవారు గుర్తుపట్టేలా చేయండి. చివరి నీతివాక్యాన్ని మాత్రం నిర్దాక్షిణ్యంగా కొట్టివేయించండి. ‘జంతువులను ప్రేమించాలి’ అన్న మాట మంచిదే, కానీ అది జంతువు మాట కాదు, మన మెప్పు కోసం పిల్లవాడు అన్న మాట. ఇంటి యాస రాస్తే ఉండనివ్వండి. ఊరి గేదె ఊరి మాటే మాట్లాడుతుంది.

ఇక ఆ అబ్బాయి సంగతి. అతడి కథలో గేదెకు అమ్మకం అనే మాట తెలియదు. సంత తెలియదు. పలుపు చేతులు మారడం మాత్రమే తెలిసింది. నేను ఇంతసేపు చెప్పినదంతా అతడు ఎవరూ నేర్పకుండానే చేశాడు, ఎందుకంటే బహుశా ఆ రోజు అతడు ఆ గేదె పక్కనే నిలబడ్డాడు. అందువల్ల ఎర్ర సిరాతో ఆ కాగితాన్ని ముట్టుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. అక్షరదోషాలు తప్పనిసరిగా దిద్దాలి, అయితే వేరే కాగితం మీద, అతడిని పక్కన కూర్చోబెట్టుకొని, అతడి చేతనే సరైన మాట రాయించి దిద్దండి. అతడి అనుమతి లేకుండా తరగతిలో చదివి వినిపించవద్దు. ఆ ఇంట్లో గేదెను అమ్మడానికి ఏదో కారణం ఉండే ఉంటుంది. అది అప్పు కావచ్చు, ఆసుపత్రి ఖర్చు కావచ్చు, అది తోటి పిల్లలకు తెలియడం అతడికి ఇష్టం లేకపోవచ్చు. తండ్రి ఎందుకు అమ్మాడని మీరు కూడా అడగవద్దు, అతడే చెబితే వినండి.

అతడిని ఇంకొక అరపేజీ రాయమనవచ్చు. కొత్త పాకలో మొదటి పొద్దు: తెలియని కుడితి తొట్టి, తెలియని గొంతు, పొదుగు కింద తెలియని చేయి. కొత్త చేతికి గేదె వెంటనే చేపదని అతడికి మీకంటే నాకంటే బాగా తెలిసి ఉంటుంది. దానికి ముందు మాత్రం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. ‘ఇంటికే పోతున్నామనుకున్నా’ అని రాశాడు. క్రియలో ‘మేము’కూ ‘మనం’కూ తేడా కనిపించదు, రెండింటికీ ‘పోతున్నాము’ అనే అంటాం. కర్తను అతడు రాయలేదు. ఆ ‘పోతున్నాము’లో ఎవరెవరు ఉన్నారని అతడినే మెల్లగా అడగండి. జవాబు చెప్పకపోతే ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్లే వదిలేయండి.